గాలి లేని గదిలో దూదిపోగు

మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. ఇంట్లో కరెంటు లేదు. లైను పనులున్నాయని పన్నెండింటికే తీసేశారు. మిరప ఘాటు లోపలికి రాకుండా కిటికీలన్నీ మూసి ఉన్నాయి. కంప్యూటరు తీగ గోడనుంచి పీకి, చుట్ట చుట్టి, కుర్చీలో పెట్టి ఉంది. అలాంటి వేళ ఆ కంప్యూటరు పెట్టె పైన జాలీకి కట్టిన దూదిపోగు, కింద ఫ్యాను తిరిగితే తప్ప లేవనిది, లేచి నిటారుగా నిలబడింది.

అది నేను చూడలేదు. చూసింది కోటేశ్వరరావు. సరిగ్గా అదే సమయానికి వంటింట్లో ఉన్న నేను ఒక చప్పుడు విన్నాను. ఆ చప్పుడు కోటేశ్వరరావు వినలేదు. మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక్క గది.

నాకు దయ్యాలమీద ఏనాడూ గురి లేదు. ముప్పై ఏళ్ళపాటు ఒక దినపత్రికలో మొదట విలేకరిగా, తర్వాత డెస్కులో పనిచేశాను. జిల్లాలో ఎక్కడ దయ్యం అన్నా నన్నే పంపేవారు, తేల్చుకుని వస్తానని. ఒకసారి పత్తి గోడౌనులో ఎవరో ఆడమనిషి ఏడుస్తోందని హమాలీలు పని మానేశారు. వెళ్ళి రేకుల సందులో చూస్తే గుడ్లగూబ పిల్లలు. ఫోటోతో సహా వేశాం. పోయినవాళ్ళు పోయినట్టే అని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ అదే నమ్ముతున్నాను. కాబట్టి ఇది దేన్నీ నిరూపించడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెట్టాలనిపించి రాస్తున్నాను.

మేం గుంటూరు పక్కనున్న నల్లపాడులో ఒక మేడమీద వాటాలో అద్దెకుండేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కణ్ణే ఉంటున్నాను. మాకు పిల్లల్లేరు. నా భార్య సరళ బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. ఆమెకు ఉబ్బసం. గుంటూరులో ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఏడాదికి రెండే కాలాలు, మిరపకాయలు వచ్చే కాలం, రాని కాలం. మాఘమాసం దాటిందంటే మిర్చి యార్డుకు పోయే లారీలు మా వీధి చివరనుంచే వెళ్ళేవి. కిటికీలు మూసుకుని, తడిగుడ్డ దగ్గర పెట్టుకుని, ఆమె మధ్యగదిలో ఇనప మంచం మీద గోడకు ఆనుకుని కూర్చునేది. పడుకుంటే ఊపిరాడదు.

గట్టిగా పిలవడానికి కూడా ఆమెకు ఊపిరి చాలేది కాదు. పిలిస్తే దగ్గు, దగ్గితే ఆయాసం. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. మంచినీళ్ళ స్టీలు గ్లాసుతో మంచం కమ్మీ మీద కొట్టేది. ఒక దెబ్బ అంటే 'బాగానే ఉన్నాను, మీ పని చూసుకోండి' అని. రెండు దెబ్బలంటే 'రండి' అని. ఈ పద్ధతి ఆమె పెట్టిందే. "బళ్ళో అయితే బల్లమీద రెండోసారి కొట్టేదాకా ఎవడూ తలెత్తడు, మీరూ అంతే" అంది.

రిటైరయ్యాక నేను ఒక వారపత్రికకు మిరప, పత్తి మార్కెట్ల మీద రాస్తున్నాను. రైతులతో, వ్యాపారులతో ఫోనులో మాట్లాడతాను. ఫోను స్పీకరులో పెట్టి, పక్కన చిన్న రికార్డరు పెడతాను. రాతపనంతా ముందుగదిలో కంప్యూటరు మీద. అది పాతది. అందులో టీ సాసరంత ఫ్యాన్లు మూడు ఉండేవి. మార్చి నుంచి అవి గుయ్యిమని ఒకటే అరుపు. లోపల వేడి పెరిగేకొద్దీ అరుపు పెరిగేది. సరళ దాన్ని పత్తి జిన్నింగు మిల్లు అనేది. "ఏమండీ, ఇవాళ మిల్లు ఎన్నింటికి కట్టేస్తారు?" అని అడిగేది.

కోటేశ్వరరావు ఆ మిల్లును చూడటానికే మొదటిసారి మా ఇంటికి వచ్చాడు. చిలకలూరిపేటలో అతనికి కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉంది. అంతకుముందు ఒక స్పిన్నింగు మిల్లులో ఎలక్ట్రీషియన్. ఆ మిల్లు మూతపడ్డప్పుడు వార్త రాయడానికి వెళితే పరిచయమయ్యాడు. నలభై అయిదేళ్ళుంటాయి. మిల్లులో పనిచేసినవాళ్ళందరి లాగే అవసరం లేనంత గట్టిగా మాట్లాడతాడు.

పెట్టె విప్పి చూసి, ఫ్యాన్లు మార్చి లాభం లేదన్నాడు.

"చిన్న ఫ్యానుకి రెక్క పొట్టి సార్. గాలి తొయ్యాలంటే ఉరకాల. ఉరికితే అరుస్తది. పెద్ద ఫ్యాను ఉరకక్కర్లా, నడిస్తే చాలు. విసనకర్రతో పొయ్యి విసరండి, చెయ్యి పడిపోద్ది. అదే చేటతో విసరండి, రెండూపులకి అంటుకుంటది. పెద్ద పెట్టె పెట్టి, కంచమంత ఫ్యాన్లు రెండు వేద్దాం. ముందుది చల్లగాలి లోపలికి లాగుద్ది, పైది వేడి బయటికి నెడతది. చెవి ఆనిస్తే తప్ప వినపడితే నన్నడగండి."

సరళ మధ్యగదిలోంచి అంతా వింటోంది. గ్లాసు వాడకుండా గొంతుతోనే అంది. "అయితే ఆ కంచాలేవో త్వరగా వడ్డించవయ్యా కోటేశూ. వినలేక ఛస్తున్నాను."

పెట్టె, ఫ్యాన్లు రెండు వారాల్లో వచ్చాయి. అట్టపెట్టెల్లోనే బీరువా మీద పెట్టాను. పాతది విప్పి కొత్తది బిగించాలంటే రెండు రోజులు పని ఆగుతుంది. అప్పటికి యార్డుకు సరుకు పోటెత్తుతోంది. వారం వారం రాయాల్సింది ఉంది. సీజను అయ్యాక చూద్దాం అన్నాను. ఈ ప్రాంతంలో మేం దేన్నయినా అలాగే వాయిదా వేస్తాం. పెళ్ళిచూపులు, ఇంటికి సున్నం, కంటి ఆపరేషను, అన్నీ సీజను అయ్యాకే. సరళ కూడా ఇక్కడ పుట్టి పెరిగిన మనిషే కదా, పట్టుబట్టలేదు. "సీజనైతే మీది. చెవులు నావి" అని నవ్వి ఊరుకుంది.

ఆ అట్టపెట్టెలు బీరువా మీద ముప్పై నాలుగు రోజులున్నాయి.

ముప్పై నాలుగో రోజు మధ్యాహ్నం, పర్చూరు వైపు రైతు ఒకాయనతో ఫోనులో మాట్లాడుతున్నాను. పెద్దాయన. కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టి ధర కోసం ఎదురుచూస్తున్నాడు. మంచి మాటకారి. ముప్పావుగంట మాట్లాడాం. తర్వాత కూర్చుని రాసుకున్నాను. ఎదురుగా మిల్లు అరుస్తూనే ఉంది. నాలుగింటికి టీ పెడదామని లేచి మధ్యగదిలోకి వెళ్ళాను.

సరళ గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. గ్లాసు కింద పడి ఉంది. నీళ్ళు గడప దాకా పాకాయి.

వచ్చి చూసిన డాక్టరు మంచివాడు. ఆ స్థితిలో గ్లాసు ఎత్తే ఓపిక కూడా ఉండదండీ, మీరు పక్కన ఉన్నా చేయగలిగేది ఏమీ లేదు అన్నాడు. ఎవరికైనా అలాగే చెబుతారని నాకు తెలుసు. ఇలాంటి మాటలు ఇతరుల నోట విని ఎన్నోసార్లు వార్తల్లో రాశాను.

పదకొండో రోజుకల్లా చుట్టాలు వెళ్ళిపోయారు. నాకు మిగిలింది ఒకే ప్రశ్న. ఆమె పిలిచిందా?

గ్లాసు కొట్టి ఉంటే నాకు వినపడలేదు. మిల్లు రొదలో వినపడే అవకాశమే లేదు. కానీ ఆ మధ్యాహ్నం నా బల్ల మీద రికార్డరు తిరుగుతూ ఉంది. దానికి మొహమాటం ఉండదు. నేను విననిది కూడా అది వినే ఉంటుంది.

కోటేశ్వరరావుకు ఫోను చేశాను. మరునాడే వచ్చాడు. బీరువా మీంచి అట్టపెట్టెలు దించుతూ, వాటి మీద దుమ్ము చూసి, నావైపు చూడకుండా తుడిచాడు. పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి బిగించాడు. పెట్టె ధాన్యం డబ్బా అంత ఉంది. ఫ్యాన్లు నిజంగానే కంచాలంత ఉన్నాయి. వాటికీ ఇనుముకూ మధ్య రబ్బరు ముక్కలు పెట్టాడు. ముందువైపు దుమ్ము ఆపడానికి జల్లెడ గుడ్డ బిగించాడు.

మీట నొక్కాడు. తెర వెలిగింది. చప్పుడు లేదు.

పాడైపోయిందేమో అనుకున్నాను. అతను జేబులోంచి దూది తీసి, వేళ్ళ మధ్య నలిపి, జానెడు పోగు చేసి పెట్టె పైన జాలీకి ముడివేశాడు. పోగు మెల్లగా లేచి నిలబడి, ఊగడం మొదలుపెట్టింది.

"మిల్లులో ఇట్టాగే కట్టేవాళ్ళం సార్. అక్కడ రొదకి ఏ ఫ్యాను తిరుగుతుందో ఏది ఆగిందో చెవికి తెలవదు. పోగు లేస్తే తిరిగినట్టు. వాలితే ఆగినట్టు. ఇక్కడేమో చప్పుడే లేదు, ఇక్కడా చెవికి తెలవదు. రెంటికీ మందు ఒకటే. పోగు వాలిందంటే మాత్రం వెంటనే కట్టెయ్యండి, లోపల ఉడికిపోద్ది."

తన గొంతుకు చేతనైనంత నెమ్మదిగా అన్నాడు. "అమ్మగారు మిల్లు అనేవారు గదండీ. కట్టేశాం."

ఆ ఇంట్లో ఎన్ని చప్పుళ్ళున్నాయో నాకు అప్పటినుంచే తెలియడం మొదలైంది. నీళ్ళ ట్యాంకు నిండే చప్పుడు. గోడ గడియారం. కింద వాటావాళ్ళ కుక్కరు. స్టేషనులో ఆగిన గూడ్సు బండి కదిలేటప్పుడు ఒక్కో పెట్టె లాగిన చప్పుడు. నా కుర్చీ. నా ఊపిరి. ఇన్నాళ్ళూ ఆమె వీటన్నిటి మధ్యా కూర్చుని ఉందన్నమాట. నేను మాత్రం లేను.

రికార్డింగు వినడానికి నాలుగు రోజులు పట్టింది. చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని, ఎదురుగా దూదిపోగు ఊగుతూ ఉంటే, మొదటినుంచి విన్నాను. పాత మిల్లు రొద అందులో అడుగున మొదటినుంచి చివరిదాకా పరచుకుని ఉంది. దాని మీద పెద్దాయన గొంతు, నా గొంతు. మూడోసారి వింటున్నప్పుడు, ఇరవై ఏడో నిమిషం దగ్గర దొరికింది. చాలా చిన్నగా, దూరంగా, స్టీలు ఇనుముకు తగిలిన చప్పుడు.

ఒక్క దెబ్బ.

అక్కడితో నాకు ఊరట కలగాలి. బాగానే ఉన్నాను, మీ పని చూసుకోండి అని కదా అర్థం. కానీ దానికి సరిగ్గా ముందు పెద్దాయన ఒక మాటన్నాడు. "నా కాయలకేమో ఏసీ గది బాబూ. నాకేమో వేపచెట్టు కింద కుక్కి మంచం. వచ్చే జన్మకి మిరపకాయగా పుట్టించమని దణ్ణం పెట్టుకుంటన్నా." దానికి నేను పగలబడి నవ్వాను. నాలుగైదు క్షణాలు. ఆ నవ్వు ఆగుతుండగా వినిపిస్తుంది ఆ దెబ్బ.

నవ్వు కింద ఇంకొకటి ఉందా లేదా? ఉంటే అవి రెండు. రెండంటే రండి అని.

ఆ నాలుగైదు క్షణాలను ఎన్నిసార్లు విన్నానో చెప్పను. ఒక్కోసారి ఉన్నట్టుండేది, ఒక్కోసారి లేనట్టు. కోటేశ్వరరావును అడిగాను, నా నవ్వును తీసేసి దాని కింద ఉన్నది వినిపించగలవా అని. ఎందుకో చెప్పలేదు. అతను ఏదో సాఫ్ట్‌వేరు పెట్టి ప్రయత్నించాడు. నవ్వు పోయినచోట దాని కింద ఉన్నదీ పోయింది. "కల్లం ఊడిస్తే పొల్లుతో పాటు గింజలూ పోయినట్టుంది సార్" అన్నాడు.

మే నెలలో మళ్ళీ వచ్చాడు, జల్లెడ గుడ్డ శుభ్రం చేయడానికి. మన దుమ్ముకు నెలకోసారి చేయాలట. అప్పటికే కరెంటు పోయి మూడు గంటలైంది. తీగ పీకాడు. పెట్టె పక్క తలుపు విప్పాడు. ముక్కుకు రుమాలు కట్టుకుని, పెయింటు బ్రష్షుతో దుమ్ము దులపడం మొదలుపెట్టాడు. పైన దూదిపోగు వాలిపోయి జాలీకి అంటుకుని ఉంది. నేను టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళాను.

స్టవ్వు మీద పాలు పొంగుకొచ్చి బర్నరు మీద పడి చుయ్యిమన్నాయి. గబుక్కున కట్టేశాను. చుయ్యి ఆగుతుండగా మధ్యగదిలోంచి వినిపించింది. స్టీలు, ఇనుము. ఒక్క దెబ్బ. రికార్డింగులోలా చిన్నగా కాదు. పక్కగదిలో మనిషి కొడితే ఎంత వినపడాలో అంత.

సరళ గ్లాసు నా ఎదురుగా అరలో బోర్లించి ఉంది.

ముందుగదిలోకి వచ్చాను. కోటేశ్వరరావు పెట్టెకు మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. రుమాలు మెడకు జారి ఉంది.

"ఏం పడేశావయ్యా?"

"నేనేం పడెయ్యలా. సార్, మీరేవన్నా తలుపు తీశారా?"

"లేదు. ఏమైంది?"

"పోగు లేచిందండి."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఎనక్కి జరిగి తుమ్ముదామని తలెత్తా. లేచి నిలబడింది. ఫ్యాను చూశా, కదల్లా. అంతలోకే వాలిపోయింది. ఏందిరా అని చూస్తన్నానా, మళ్ళీ లేచింది. ఈసారి కాసేపు నిలబడి, వాలింది. రెండుసార్లండి సార్. నా కళ్ళతో చూశా."

చప్పుడేమైనా విన్నావా అన్నాను. లేదన్నాడు. నేను విన్నదాని గురించి అతనికి చెప్పలేదు. అలవాటు కొద్దీ గడియారం చూసి, నోటుబుక్కు తెచ్చి, అతను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. దాని కింద నేను విన్నది రాశాను.

తర్వాత ఇద్దరం గుడ్లగూబ పిల్లల కోసం వెతికాం. అంటే, మామూలు కారణం ఏమైనా దొరుకుతుందేమోనని చూశాం. పెట్టెలో వేడి మిగిలి గాలి పైకి వచ్చిందేమోనని లోపలి ఇనుము పట్టుకుని చూశాను, చల్లగా ఉంది. కిటికీలు మూసే ఉన్నాయి. ఫ్యాను రెక్కలు అతను వేలితో తిప్పాడు. పోగు కాస్త వణికింది తప్ప లేవలేదు. తలుపు దబామని వేసి చూశాం. వీధిలో లారీ పోయేదాకా ఆగి చూశాం. చివరికి కోటేశ్వరరావు జాలీ కిందనుంచి నోటితో ఊదాడు. లేచింది కానీ వంకరగా లేచి ఊగిసలాడింది. "ఇట్టా కాదండి" అన్నాడు. "నిటారుగా. మిల్లు నడిచేటప్పుడు నిలబడద్దే, అట్టా."

అతని స్క్రూడ్రైవర్లన్నీ ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నాయి. చేతిలో ఉన్నది బ్రష్షు. మధ్యగదిలో ఇనప మంచం మీద చుట్టిన పరుపు తప్ప ఏమీ లేదు. టీ మళ్ళీ పెట్టాను. ఇద్దరం తాగాం. వెళ్ళేటప్పుడు తీగ గోడకు పెట్టి, కరెంటు వచ్చాక పోగు లేచేదాకా కూర్చున్నాడు. అవసరం లేదు, అయినా కూర్చున్నాడు.

మూడు వారాల తర్వాత నేను చిలకలూరిపేట వెళ్ళినప్పుడు అతని షాపులో కూర్చుని అంతా చెప్పాను. గ్లాసు సంగతి, ఒక దెబ్బకు అర్థమేమిటో, రెండు దెబ్బలకు అర్థమేమిటో, నా నవ్వు దేనిమీద పడిందో. ఎవరికైనా చెప్పడం అదే మొదలు. అతను ఎదురుగా ఉన్న పెట్టెకు అప్పటికే బిగిసి ఉన్న మరమేకును ఇంకా బిగిస్తూ విన్నాడు.

అంతా విన్నాక అన్నాడు. "ఒకసారేనండి సార్."

"ఏమిటి?"

"ఆ పోగు. ఒకసారే లేచింది. దుమ్ములో కళ్ళు మండుతున్నయ్యి గదా, సరిగ్గా చూళ్ళా. నేనే ఏదో వాగా ఆ రోజు."

"రెండుసార్లన్నావు. కాసేపు నిలబడిందన్నావు."

"అన్నా. తప్పు. ఒకసారే." తలెత్తకుండానే అన్నాడు, "అమ్మగారు బానే ఉన్నారండి. మీరు పని చూసుకోండి."

సాక్షులు మాట మార్చడం నా ఉద్యోగంలో చాలా చూశాను. భయపడి మారుస్తారు, ఎవరో చెబితే మారుస్తారు. జాలిపడి మార్చిన మనిషిని చూడటం అదే మొదటిసారి. నేను పనిలో చేరిన కొత్తలో మా సీనియరు ఒకాయన చెప్పేవాడు, మనిషి మొదట చెప్పిందే రాసుకో, తర్వాత చెప్పేదాంట్లో నిజంతో పాటు నువ్వు కూడా ఉంటావని.

ఇది జరిగి ఏడాది దాటింది. కోటేశ్వరరావు నెలకోసారి వచ్చి జల్లెడ గుడ్డ దులిపి వెళుతున్నాడు. పాత దూది నల్లబడితే కొత్తది కడుతున్నాడు. ఈ మాటలు రాస్తుంటే కూడా అది ఎదురుగా లేచి నిలబడి ఊగుతోంది, కింద ఫ్యాను తిరుగుతోంది కాబట్టి. పని కట్టేశాక, పోగు వాలిపోయాక, కాసేపు దాన్ని చూస్తూ కూర్చుంటాను. మళ్ళీ ఎప్పుడూ లేవలేదు. చప్పుడూ రాలేదు.

కోటేశ్వరరావును ఆ తర్వాత రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ 'ఒకసారే' అన్నాడు. నోటుబుక్కులో ఆ రోజు పేజీ మాత్రం నేను మార్చలేదు. మూడు గంటల ఇరవై నిమిషాలకు రాసినది. నేను విన్నది ఒకటి, కోటేశు చూసింది రెండు.